దాచుకున్నది ఎవరి కోసం?



పసుపు తవ్వకాలు ముగిసే రోజులవి. ముప్కాల్‌లో ఏ ఇంటి ముందు చూసినా, ఏ ఖాళీ జాగాలో చూసినా ఉడకబెట్టిన కొమ్ములు ఎండకు పరచి ఉన్నాయి. ఇళ్ళ సందర్శనంలో భాగంగా నేనొక కుటుంబాన్ని పలకరించడానికి వెళ్ళాను. ఇంటి యజమానికి నలభై ఏళ్ళు ఉంటాయి. గల్ఫ్‌లో పనిచేస్తూ రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలలో ఇటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు.

చాయ్ తాగిన తరువాత అతడు టీవీ పక్కనున్న ఒక చిన్న నల్ల డబ్బాను నా చేతిలో పెట్టాడు. అది హార్డ్ డిస్క్. ప్రార్థన పుస్తకమంత ఉంది, అంతే.

"ఫాదర్, గీ డబ్బల రెండు వేల నాలుగు వందల సిన్మలున్నయి. పాతయి, కొత్తయి అన్ని. మీకేది గావాల్నో చెప్పుండ్రి, పెడ్త" అన్నాడు.

ఆ మాటలో గర్వం ఉంది. అది తప్పుపట్టవలసిన గర్వం కాదు. పరాయి దేశంలో, ఇరుకు గదిలో, సెలవు దినాల ఒంటరితనంలో ఒక్కొక్కటిగా పోగుచేసుకున్న ఆస్తి అది. కాని కాసేపటికి గొంతు తగ్గించి మరొక మాట అన్నాడు.

"నా బిడ్డ అడుగుతుంది ఫాదర్. బాపూ, గివన్ని పైసలిచ్చి కొన్నవా, గిది దొంగతనం గాదా అని. జ్ఞానోపదేశంల చెప్పిండ్రట. ఏం జెప్పాల్నో తెల్వక మిమ్మల్నడుగుతున్న."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకు రెండు కారణాలు. మొదటిది, ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు. రెండవది, చాలా ఏళ్ళ క్రితం తపస్సు కాలంలో గుడి ఆవరణలో తెర కట్టి నేను కూడా ఒక చిత్రం ఆడించాను. ఆ డిస్కు అసలుది కాదని, బస్టాండు దగ్గర కొన్న నకలని నాకు తెలుసు. మంచి పనికే కదా అనుకున్నాను. ఆ పసిపిల్ల ప్రశ్న తండ్రిని దాటి నన్ను కూడా తాకింది.

పెట్టె నుంచి డబ్బా దాకా

ఒకప్పుడు చిత్రాన్ని ఎవరూ ఇంట్లో దాచుకునేవారు కారు. 1978లో ఎ. భీంసింగ్ దర్శకత్వంలో, విజయచందర్ క్రీస్తునాథుని పాత్ర ధరించిన 'కరుణామయుడు' వచ్చింది. దాని 16 మి.మీ. ప్రతులను, ప్రొజెక్టరును బండిలో వేసుకొని ఊరూరా తిరిగి చూపించిన బృందాలను మన పెద్దలు ఎరుగుదురు. రీళ్ళు తెల్లవారేసరికి ఊరు దాటిపోయేవి. ఇంటింటా మిగిలినది జ్ఞాపకం మాత్రమే. అయినా ఆ రాత్రిని ఈనాటికీ చెప్పగలిగినవారు మన గ్రామాలలో ఉన్నారు.

తరువాత గల్ఫ్ నుంచి వీడియో పెట్టెలు వచ్చాయి. ఒక క్యాసెట్టులో మూడు గంటల చిత్రం పట్టేది. 1990 దశకంలో వి.సి.డి. వచ్చింది. ఒక్కొక్క డిస్కులో 74 నిమిషాలే గనుక మన తెలుగు చిత్రానికి రెండు, పెద్దదైతే మూడు డిస్కులు కావలసి వచ్చేవి. కథ మంచి పట్టులో ఉండగా లేచి డిస్కు మార్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వెనుకనే 4.7 జీబీ పట్టే డి.వి.డి. వచ్చింది. 2007లో మోజర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టినప్పుడు, బస్టాండు నకలుకూ అసలు డిస్కుకూ ధరలో పెద్ద తేడా లేకుండా పోయింది. నిజాయతీగా కొనడం పేదవానికి కూడా సాధ్యమైన కాలం అది. ఆ కాలం ఎక్కువ రోజులు నిలువలేదు. డిస్కుల వ్యాపారమే సన్నగిల్లింది.

ఇప్పుడు నాలుగు టీబీల డిస్కు ఒకటి కొంటే, కుదించిన చిత్రాలు రెండు వేలకు పైగా అందులో ఇముడుతాయి. దానిని నేరుగా టీవీకి తగిలించి చూడవచ్చు. లేదా ఇంట్లోని పాత కంప్యూటరుకు తగిలించి, జెల్లీఫిన్, ప్లెక్స్ వంటి సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే వంటగదిలోని ఫోనులోనూ, ముందుగదిలోని టీవీలోనూ అవే చిత్రాలు వస్తాయి. పోస్టరుతో, నటుల పేర్లతో, ఎక్కడ ఆపామో ఆ గుర్తుతో సహా. ఒకప్పుడు రాజుల గ్రంథాలయానికి లేని ఏర్పాటు ఇది.

అయితే ఒక లెక్క వేసి చూద్దాం. రెండు వేల నాలుగు వందల చిత్రాలను రోజుకొకటి చొప్పున చూస్తే ఆరున్నర సంవత్సరాలు పడుతుంది. మన మిత్రునికి ఇంట్లో దొరికేది రెండేళ్ళకు అరవై రోజులు. ఆ అరవై రోజులూ తప్పకుండా చూసినా నలభై సెలవులు కావాలి. అంటే ఎనభై సంవత్సరాలు! ఈ లెక్క చెప్పినప్పుడు అతడు నవ్వాడు. "చూసుడు గాదు ఫాదర్, ఉన్నయంటే ధైర్యం" అన్నాడు. ఆ మాట నాకు చాలా కాలం గుర్తుండిపోయింది. సువార్తలో కొత్త కొట్లు కట్టించుకోవాలనుకున్న ధనికునికి కూడా ఆ ధైర్యమే కావలసి వచ్చింది.

ఎవరికీ తగ్గలేదు కదా!

ఇప్పుడు పిల్ల అడిగిన ప్రశ్నకు వద్దాం. ఇది దొంగతనమా?

దొంగతనమంటే ఏమిటో మనకు పసుపు కల్లంలో బాగా తెలుసు. నా బస్తా నువ్వు ఎత్తుకుపోతే నా దగ్గర బస్తా ఉండదు. చిత్రం అటువంటిది కాదు. నా డిస్కు నుంచి నీవు ప్రతి తీసుకుంటే నా చిత్రం నాతోనే ఉంటుంది. ఎవరికీ తగ్గలేదు కదా అన్నది యువకుల వాదన. ఈ వాదనను తేలికగా తీసిపారేయరాదు. పంచినా తరగని వస్తువును పంచకుండా ఉంచుకున్నవాడు దానిని ఉంచుకోవలసిన రీతిలో ఉంచుకోనట్టే అని పునీత అగుస్తీనుగారు క్రైస్తవ బోధ గురించి రాసిన గ్రంథం మొదటి భాగంలోనే అన్నారు. ఆయన మాట్లాడినది జ్ఞానం గురించి. కాని తరగకుండా పంచబడే వస్తువు పదహారు వందల ఏళ్ళ తరువాత ఇలా డబ్బా రూపంలో మన ఇంటికి వస్తుందని ఎవరనుకున్నారు?

ఆ వాదనలోని లోపం ఇది. తీసుకున్నవాడు వస్తువును చూస్తున్నాడు గాని పనిని చూడడం లేదు. చిత్రంలో కనిపించే నాయకుడు ఒక్కడే. కనిపించని లైటు మోసినవాడు, కుట్టుపని చేసినవాడు, రాత్రంతా శబ్దం సరిచూసినవాడు ఎందరో. చిత్రం ద్వారా వచ్చే సొమ్ము మీద వారి కూలి ఆధారపడి ఉంది. చిత్రం తరగకపోవచ్చు, కూలి తరుగుతుంది. కూలి దక్కకపోవడమంటే ఏమిటో గల్ఫ్‌కు పోయి వచ్చినవారికి నేను చెప్పనవసరం లేదు. జీతం బాకీ ఉంచుకున్న యజమాని కూడా "నీ చేతులు నీ దగ్గరే ఉన్నాయి కదా, నీకు తగ్గిందేమిటి" అనగలడు!

కాబట్టి ఆ డబ్బాలో ఉన్నదంతా ఒకే రకం కాదు. మన మిత్రుడు కొంత కాలం అసలు డిస్కులు కొన్నాడు. అవి గీతలు పడి పాడవుతుంటే కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు. మిగిలినవి గదిలోని తోటివారి నుంచి వచ్చినవి. వాటిలో కొన్ని థియేటరులో దొంగతనంగా తీసినవి. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేయరాదు.

మన దేశపు చట్టం కూడా కొంతవరకు ఈ తేడాను గుర్తించింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, సొంత వాడకానికి న్యాయమైన రీతిలో ఉపయోగించుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. కొన్న డిస్కు నుంచి ఇంటి వాడకానికి ప్రతి తీసుకోవడం ఆ నీడలోకి వస్తుందని వాదించవచ్చు. ఇతరుల హక్కును భంగపరచే ఉద్దేశంతో డిస్కుకు వేసిన సాంకేతిక తాళాన్ని తెరవడం మాత్రం 2012 సవరణ ద్వారా చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం నేరం. ఇక థియేటరులో దొంగచాటుగా తీయడానికి 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా శిక్ష, మూడు లక్షలకు తగ్గని జరిమానా నిర్ణయించింది. ఇంటి వాడకమనే నీడ గుడి ఆవరణలో వంద మందికి తెర కట్టిన నా వంటివానికి వర్తించదు. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

తత్వశాస్త్రం చదివే రోజులలో మాకు నేర్పిన ఒక సూత్రం ఇక్కడ పనికివస్తుంది. ఒక క్రియ మంచిదా చెడ్డదా అని తేల్చడానికి మూడు విషయాలు చూడాలి: చేసినది ఏమిటి, ఏ ఉద్దేశంతో, ఏ పరిస్థితులలో. 'నకలు తీయడం' అనేది చేతితో చేసే పని పేరు మాత్రమే, నీతి దృష్టితో ఆ పనికి ఇంకా పేరు పెట్టలేదు. అదే చేతిపని ఒకచోట కూలిని ఎగవేయడం అవుతుంది, మరొకచోట కాపాడడం అవుతుంది.

నకలే దిక్కయిన చోట

కాపాడడం అన్నమాట ఊరికే అనలేదు. తెలుగువారి తొలి మూగ చిత్రంగా చెప్పే 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ'ను ఈనాడు మనం చూడలేము. 1931లో వచ్చిన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' కూడా దొరకదు. 1964లో పూణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడే నాటికి ఎన్నో చిత్రాలు పోయాయి. రీళ్ళలోని వెండి కోసం కరిగించినవి కొన్ని, గోదాములలో వాటంతట అవే చెడిపోయినవి కొన్ని. దానికి పునాది వేసిన పి.కె. నాయర్‌గారు ఊళ్ళ వెంట తిరిగి, బ్రతిమాలి, దొరికిన ముక్కనల్లా పోగుచేసిన సంగతి లోకానికి తెలుసు. భాండాగారంలో చేరినవైనా భద్రమని చెప్పలేము. 2003 జనవరిలో పూణెలో పాత నైట్రేట్ ఫిల్ములు ఉంచిన చోట నిప్పంటుకొని ఎన్నో చిత్రాలు బూడిదయ్యాయి.

జర్మనీలో మరో విచిత్రం జరిగింది. 1922లో తీసిన 'నాస్ఫెరాటు' అనే చిత్రం ఒక నవల హక్కులను ఉల్లంఘించిందని తేలి, ప్రతులన్నీ నాశనం చేయమని కోర్టు ఆదేశించింది. ఆదేశం న్యాయమైనదే, ఎందుకంటే రచయిత భార్యకు రావలసినది ఇవ్వలేదు. కాని ఎక్కడో కొన్ని ప్రతులు ఆ ఆదేశానికి అందకుండా మిగిలాయి. ఈనాడు ప్రపంచమంతా గొప్ప చిత్రమని చూస్తున్నది వాటి వల్లనే. న్యాయం ఒక వైపు, జ్ఞాపకం మరో వైపు నిలబడిన సందర్భమిది. దీనికి సులువైన తీర్పు నా దగ్గర లేదు.

మన చట్టం చిత్రానికి విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు హక్కు ఇచ్చింది. 1957 నాటి 'మాయాబజార్' వంటి చిత్రానికి ఆ గడువు 2017 చివర ముగిసింది. పాటల రచనకు లెక్క వేరు. 2010లో 'మాయాబజార్' రంగులలో వచ్చిందంటే, యాభై ఏళ్ళకు పైగా ఆ చిత్రాన్ని ఎవరో ఏదో రూపంలో మిగుల్చబట్టే కదా. హక్కు గడువు తీరి అందరిదీ అయ్యే రోజు వచ్చేసరికి వస్తువే లేకపోతే, అందరిదీ అయినదేమిటి?

ఇంకొక వైపు కూడా చూడాలి. ఇప్పుడు చాలామంది దాచుకోవడమే మానేసి నెలనెలా చందా కట్టి చూస్తున్నారు. మంచిదే, కూలి ముడుతుంది. కాని అక్కడ మనం కొన్నది చూసే అనుమతిని మాత్రమే. 2009లో అమెజాన్ సంస్థ తాను అమ్మిన జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను, హక్కుల తగాదా వచ్చిందని, కొన్నవారి కిండిల్ యంత్రాల నుంచి తానే తుడిచివేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది గాని, అడిగి తీయలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది. అనుమతి మాత్రమే ఇస్తూ 'కొనండి' అని రాసే వ్యాపారి ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. కాబట్టి తన ఇంట్లో తన చేతిలో ఒక ప్రతి ఉండాలని కోరుకునేవాడు లోభి అని మనం తొందరపడి అనరాదు.

మరి లోభానికీ సంరక్షణకూ తేడా ఎక్కడుంది? పునీత తోమాసు అక్వినాసుగారు సొంత ఆస్తి గురించి చర్చిస్తూ రెండు మాటలు వేరుచేశారు. సంపాదించి చూసుకునే అధికారం ఒకటి, అనుభవించే తీరు మరొకటి. మొదటిది మనిషికి సొంతంగా ఉండవచ్చు. ఎందుకంటే అందరిదీ అన్నదానిని ఎవరూ శ్రద్ధగా చూడరు. కాని అనుభవించే దగ్గర మాత్రం, అక్కరలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉన్నవానిలా ఉండాలి. దాచడం నీ పని. దాచినది నీ ఒక్కనికే అనుకోవడం మాత్రం తప్పు. నా ఆలోచన ఇక్కడి దాకా వచ్చి ఆగింది. మిగతాది ఆ డబ్బాయే నేర్పింది.

డబ్బా మూగబోయిన రోజు

సెలవు ముగిసే ముందు వారంలో అతడు నాకు ఫోను చేశాడు. టీవీ నడుస్తుండగా పిల్లవాని కాలికి తీగ తగిలి డబ్బా కింద పడింది. టిక్, టిక్ అని శబ్దం తప్ప ఏమీ రావడం లేదు.

హార్డ్ డిస్క్ లోపల అద్దం వంటి పళ్ళేలు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటాయి. వాటిపైన వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా తక్కువ ఎత్తులో చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. తిరుగుతుండగా దెబ్బ తగిలితే ముల్లు పళ్ళేన్ని గీకుతుంది. అంతటితో సరి. హైదరాబాదులో బాగుచేస్తామన్నవారు అడిగిన సొమ్ము అతని రెండు నెలల జీతం. వస్తుందన్న హామీ కూడా లేదు.

చిత్రాల కోసం బాధపడుతున్నాడనుకొని ఓదార్చబోయాను. "సిన్మలు పోలేదు ఫాదర్, అక్కడ రూముల ఇంకో డిస్కుల అన్ని ఉన్నయి. గదిగాదు. అమ్మ పోయింది ఫాదర్" అన్నాడు.

1994లో వాళ్ళ అక్క పెళ్ళికి వీడియో తీయించారు. అందులో నాలుగైదు నిమిషాలు తల్లి మాట్లాడుతుంది. వంటవాళ్ళను కసురుకుంటుంది, వియ్యంకురాలిని కూర్చోబెడుతుంది, కెమెరా తనవైపు తిరిగిందని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. 2006లో ఆమె మరణించింది. ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి ఆ డబ్బాలోనే ఒక మూల ఉంచాడు. ఇంకెక్కడా లేదు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. లోకంలో లక్షలమంది దగ్గర ఉన్నదానిని అతడు రెండుచోట్ల భద్రం చేశాడు. లోకం మొత్తంలో తన ఒక్కడి దగ్గరే ఉన్నదానిని ఒక్కచోట పెట్టాడు. ఇది అతని ఒక్కని పొరపాటు కాదు. మన ఇళ్ళలో ఇనుప పెట్టెలు, మన ఫోనులు, మన గుడి బీరువాలు తెరిచి చూస్తే ఈ తప్పు మనందరిదీ. వెలకట్టే వస్తువుకు తాళం వేస్తాం. వెలలేని వస్తువు ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం.

విత్తన పసుపు

దాచడం గురించి మనకు బాగా తెలిసినవాడు పసుపు రైతు. అమ్ముడుపోవలసిన పసుపును ఎండబెట్టి, మెరుగుపెట్టి బస్తాలలో నింపుతాడు. ధర కోసం నెలల తరబడి ఉంచినా ఉంచుతాడు. కాని విత్తన పసుపు దారి వేరు. దానిని ఉడకబెట్టడు. నీడలో కుప్ప పోసి, పసుపు ఆకులే కప్పి, పైన మట్టి పూసి జూన్ దాకా కాపాడుతాడు. మధ్యలో చూసుకుంటాడు, కుళ్ళినది ఏరిపారేస్తాడు. వానలు పడగానే మళ్ళీ భూమిలో పెడతాడు. పెట్టకుండా నాలుగేళ్ళు దాచిన విత్తన పసుపు ఎవరి ఇంట్లోనూ ఉండదు. ఏటేటా నాటడమే దానిని దాచడం.

కంప్యూటరు ప్రతి కూడా విత్తన పసుపు వంటిదే. రాతి శాసనం వెయ్యేళ్ళు తనంతట తానే నిలుస్తుంది. మంచి ఫిల్మును చల్లని గదిలో ఉంచితే తరాల తరబడి నిలుస్తుంది. కాని బీరువాలో పెట్టి మరచిపోయిన హార్డ్ డిస్క్ కొన్నేళ్ళకు తిరగకపోవచ్చు. ఇంట్లో కాల్చిన డిస్కులో రంగుపూత వెలిసిపోతుంది. క్యాసెట్టుకు మన వానాకాలపు చెమ్మలో బూజు పడుతుంది. ఒకవేళ వస్తువు బాగున్నా, దానిని చదివే యంత్రమో, విప్పే సాఫ్ట్‌వేరో పోతుంది. అందుకే తెలిసినవారు ఒక లెక్క చెబుతారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. దీనిని పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పైన ఏడాదికోసారైనా తెరిచి చూడడం, నాలుగైదేళ్ళకు కొత్త డిస్కులోకి మార్చడం. దాచడమంటే ఒకసారి చేసి మరచిపోయే పని కాదు. పొయ్యిలో నిప్పు ఆరకుండా చూసుకోవడం వంటి పని.

ముప్కాల్‌కు దగ్గరలోనే మనకు మరొక పాఠం ఉంది. శ్రీరాంసాగర్ జలాశయం కట్టినప్పుడు దాని సామర్థ్యం 112 టీఎంసీలు. గోదావరి తెచ్చిన పూడిక వల్ల అది 90కి, ఆ తరువాతి లెక్కలో 80కి దగ్గరగా తగ్గింది. కట్ట తెగలేదు. నీటితోపాటు వచ్చి చేరినదంతా అడుగున కూర్చుంది. ఏదీ వద్దనకుండా పోగుచేసే డబ్బాకూ ఇదే గతి. రెండు వేల నాలుగు వందల మధ్య అమ్మ ఉన్న ఫైలు ఒకటి. దానికి పేరు కూడా సరిగా పెట్టలేదని అతడే అన్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఇలా వస్తువులలో జ్ఞాపకాన్ని దాచడమే తప్పు, తల్లి మనసులో ఉంటే చాలదా అని. ఈ ఆక్షేపణ పాతదే. రాత కనిపెట్టిన దేవుడు అది జ్ఞాపకశక్తికి మందని చెబితే, ఐగుప్తు రాజు 'కాదు, ఇది మరపును తెస్తుంది' అన్నాడని ప్లేటో తన 'ఫెద్రుస్' సంభాషణలో ఒక కథ చెప్పాడు. అందులో నిజం ఉంది. డబ్బాలో ఉందన్న ధైర్యంతోనే మన మిత్రుడు ఆ నాలుగు నిమిషాలను మూడేళ్ళుగా తెరిచి చూడలేదు. అతని పిల్లలు నానమ్మ గొంతు ఒక్కసారి కూడా వినలేదు. కాని ప్లేటో ఆ మాటను రాతలోనే ఉంచాడు, రాత వల్లనే అది మనదాకా వచ్చింది. మనసులో ఉన్న తల్లి కొడుకుతోనే పోతుంది. మనుమరాలికి అందాలంటే బయట ఎక్కడో ఉండాలి, ఎవరో తెరిచి చూపాలి. దాచడం సగం పని. తెరిచి, పక్కన కూర్చోబెట్టుకొని, 'ఇదిగో మీ నానమ్మ' అని చూపడం రెండవ సగం. ఆ రెండవ సగం లేనప్పుడు ఉన్నదీ లేనట్టే.

పిల్లకు చెప్పిన జవాబు

అతడు తిరిగి ప్రయాణమయ్యే ముందు రోజు నేను మళ్ళీ వెళ్ళాను. ఆ పిల్లను పిలిచి నాకు తెలిసినంత చెప్పాను. కూలి ముట్టవలసినవారు ఉండి, కొనే దారి ఉండి, కొనే శక్తి ఉండి, ఊరికే తీసుకుంటే అది తప్పే బిడ్డా అన్నాను. కొన్నదానిని చెడిపోకుండా ఇంట్లో దాచుకోవడం తప్పు కాదన్నాను. ఎవరూ అమ్మని, ఎక్కడా దొరకని పాతదానిని కాపాడినవాడి విషయంలో చట్టం ఏమన్నా, నేను మాత్రం అతనిని దొంగ అనలేనన్నాను. థియేటరులో దొంగచాటుగా తీసినవాటిని తీసివేయమని తండ్రికి చెప్పాను. గదిలో ఉన్న డిస్కు నుంచి తీసివేస్తానన్నాడు. చేస్తాడనే నా నమ్మకం.

"మరి మీరు సుత గుడికాడ ఆడిచ్చిండ్రట గదా ఫాదర్?" అంది ఆ పిల్ల. తండ్రి కంగారుపడ్డాడు. నేను దాచలేదు. ఆడించాను, అది తప్పే అన్నాను. పరుల సొమ్ము తీసుకున్నవాడు పశ్చాత్తాపపడితే చాలదు, తిరిగి ఇవ్వాలి అని పీఠం మీద నుంచి ఎన్నిసార్లు చెప్పానో! ఆ చిత్రం అసలు డిస్కును తరువాత కొన్నాను. వంద మందికి చూపినదానికి ఒక్క డిస్కు ధర సరిపోతుందా అంటే సరిపోదు. మిగతాది ఎవరికి, ఎలా చెల్లించాలో వెతుకుతున్నాను. ఇప్పుడు గుడిలో ఏది ఆడించాలన్నా ముందు అనుమతి అడుగుతున్నాము. ఒకటి రెండుసార్లు అనుమతి దొరకక మానుకున్నాము కూడా.

ఆ ఇంటి వృద్ధుడు, అంటే మన మిత్రుని తండ్రి, ఇదంతా వింటూ కూర్చున్నాడు. లేచి లోపలికి వెళ్ళి ఇనుప పెట్టె తెరిచి ఒక క్యాసెట్టు తెచ్చాడు. అది పారేయలేదు. కంప్యూటరులోకి ఎక్కించాక ఇక పనికిరాదని అందరూ అనుకున్నా, ఆమె ముఖం ఉన్నదానిని చెత్తలో వేయడానికి ఆయనకు చేయి రాలేదు. చీరల మధ్య చుట్టి పెట్టాడు. టేపు అంచు వెంట తెల్లగా బూజు కనిపిస్తోంది.

అటువంటి టేపును పాత ప్లేయరులో పెట్టి ఆడించరాదు. బూజు యంత్రానికి అంటుతుంది, టేపు తెగవచ్చు. ముందు ఆరబెట్టి, తెలిసినవాని చేత శుభ్రం చేయించి, అప్పుడు ఎక్కించాలి. హైదరాబాదులో ఆ పని చేసే ఒక మనిషి దగ్గరకు దానిని పంపాము. నాలుగు నిమిషాలు మిగిలాయో లేదో ఇంకా తెలియదు. కొడుకు అప్పటికే విమానం ఎక్కాడు. పోతూ పోతూ కొత్త డిస్కులు రెండు కొని ఇంట్లో పెట్టాడు. వాటిలో ఇంతవరకు ఏమీ ఎక్కించలేదు. మొదట ఏది ఎక్కించాలో వాళ్ళకు తెలుసు.

ఈ ఆదివారం మీ ఇంట్లో కూడా ఆ పెట్టె ఒకసారి తెరవండి. మీ ఒక్కరి దగ్గరే ఉన్నది ఏదో చూడండి. దానికి ఒక పేరు రాయండి, మరొక ప్రతి తీసి మీ తమ్ముని ఇంట్లోనో అక్క ఇంట్లోనో ఉంచండి. ఆ తరువాత పిల్లలను పిలిచి కూర్చోబెట్టి, అందరూ కలిసి చూడండి.